ఎన్‌పీఎస్ రివ్యూ: జీతమూ లేదు, ఒక ఊరూ లేదు, మరి పెన్షన్ ఎందుకు?

నేషనల్ పెన్షన్ సిస్టమ్ గురించి మన దగ్గర రెండు రకాల మాటలే వినిపిస్తాయి. మార్చి వచ్చేసరికి బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి "అదనంగా యాభై వేల మీద టాక్స్ మిగులుతుంది మేడమ్" అంటారు. మిగతా పదకొండు నెలలూ గవర్నమెంటు ఉద్యోగులు దాన్నే సీపీఎస్ అని పిలిచి తిడుతుంటారు. నేను ఈ రెండు గుంపుల్లోనూ లేను. వెబ్‌సైట్లు కట్టే ఫ్రీలాన్సర్‌ని. ఒక క్లయింట్ జర్మనీలో, మిగతావాళ్లు అమెరికాలో. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఒకటో తారీఖున పడే జీతం అంతకన్నా లేదు. చలికాలం థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్, ఎండలు ముదిరితే హిమాచల్‌లోని బీర్, మిగతా కాలం విశాఖ మధురవాడలో అద్దె ఫ్లాట్. దీన్ని డిజిటల్ నోమాడ్ అంటారని మా అమ్మకి చాలాసార్లు చెప్పాను. ఆవిడ మాత్రం చుట్టాలతో "ఉద్యోగం లేదు గానీ డబ్బులొస్తాయి" అనే చెబుతుంది.

నాలాంటి వాళ్లకి ఈ ఎన్‌పీఎస్ పనికొస్తుందా అని వెతికితే, నెలజీతం వాళ్ల కోసం రాసినవే దొరికాయి. అందుకే ఇది రాస్తున్నాను. కొన్నేళ్లుగా కడుతున్నాను, ఇప్పుడు నాకు ముప్ఫై ఆరు. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర స్టార్లు. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయాయో కింద ఉంది.

తెలియని వాళ్లకి క్లుప్తంగా. 2004 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో కొత్తగా చేరేవాళ్ల కోసం మొదలైంది, సైన్యానికి మినహాయింపు. 2009 మే 1 నుంచి మామూలు జనానికీ తలుపులు తెరిచారు. పీఎఫ్‌ఆర్‌డీఏ అనే నియంత్రణ సంస్థ కింద నడుస్తుంది. మీకు ప్రాన్ అని పన్నెండు అంకెల నంబర్ ఇస్తారు. మీరు కట్టిన డబ్బుని మీరు ఎంచుకున్న ఫండ్ మేనేజర్ షేర్లలో, కంపెనీ బాండ్లలో, ప్రభుత్వ బాండ్లలో పెడతారు. దాన్ని మధ్యలో కదిలించడం కష్టం. ఇంత వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఏడాదికి కనీసం వెయ్యి రూపాయలు కడితే ఖాతా బతికే ఉంటుంది.

ముందు టాక్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అమ్మేవాళ్లు అక్కడే మొదలుపెడతారు. ఐటీ పని చేసే ఫ్రీలాన్సర్లలో చాలామంది ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ అనే సెక్షన్ కింద రిటర్న్ వేస్తారు. ఇది 2016 బడ్జెట్‌లో వచ్చింది. వచ్చిన మొత్తంలో సగం లాభం అని మనమే ఒప్పుకుంటే చాలు, ఖర్చుల బిల్లులు దాచక్కర్లేదు. నగదుగా తీసుకున్నది ఐదు శాతం దాటకపోతే ఏడాదికి 75 లక్షల రాబడి దాకా వాడుకోవచ్చు. కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి గానీ మా సీఏతో సహా అందరూ ఇంకా 44ఏడీఏ అనే అంటున్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాదికి 30 లక్షలు వచ్చాయనుకుందాం. సగం, అంటే 15 లక్షలు పన్ను లెక్కలోకి వస్తుంది. పాత పన్ను విధానంలో 80సీ కింద లక్షన్నర, ఎన్‌పీఎస్ కింద ఆ ఫేమస్ యాభై వేలు తీసేసినా 13 లక్షల మీద పన్ను సెస్‌తో కలిపి 2,10,600 అవుతుంది. కొత్త విధానంలో, 2025-26 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం, ఏ మినహాయింపూ అడక్కుండా 15 లక్షల మీద 1,09,200. దాదాపు లక్ష తేడా. 24 లక్షల లోపు రాబడి వాళ్లకైతే సగం 12 లక్షలే కాబట్టి రిబేట్ పోను కొత్త విధానంలో పన్నే ఉండదు. ఎఫ్‌డీ వడ్డీ లాంటివి కలిస్తే కొంచెం మారుతుంది, అంతే. కొత్త విధానంలో సొంతంగా కట్టుకునే ఎన్‌పీఎస్‌కి మినహాయింపు లేదు. కంపెనీ కట్టే వాటాకే ఉంది, మనకి కంపెనీ ఎక్కడిది?

అంటే నాలాంటి వాళ్లకి ఎన్‌పీఎస్ వల్ల టాక్స్ రూపంలో మిగిలేది సున్నా. ఇది తెలిసాక కూడా ఎందుకు కడుతున్నావని మా సీఏ గారే అడిగారు.

సమాధానం తాళం. ఈ పథకం మీద అందరూ చెప్పే ఫిర్యాదే నాకు దొరికిన లాభం. జీతగాళ్లకి పీఎఫ్ కోత చేతికి రాకముందే అయిపోతుంది. కాబట్టి ఆ డబ్బు తమదేనని వాళ్లు సగం మర్చిపోతారు. మాకు డాలర్లు ఒకేసారి వచ్చి పడతాయి. ఒక నెల నాలుగు ఇన్వాయిస్‌లు ఒకే వారంలో క్లియర్ అవుతాయి, తర్వాత రెండు నెలలు ఒక్కటీ కదలదు. బాగా వచ్చిన నెలలో మనిషికి చేతులు ఊరుకోవు. కొత్త మ్యాక్‌బుక్, వియత్నాంలోని డా నాంగ్‌కి టికెట్, ఫ్రెండ్స్ అందరికీ నా ఖర్చుతో డిన్నర్. మ్యూచువల్ ఫండ్ యాప్‌లో డబ్బుంటే రెండు ట్యాపుల్లో అమ్మేయొచ్చు, రెండు మూడు రోజుల్లో ఖాతాలోకి వచ్చేస్తుంది. ఎన్‌పీఎస్‌లో పెట్టింది ఉట్టి మీద కుండ. కనిపిస్తూనే ఉంటుంది, అందదు. క్రమశిక్షణ పుష్కలంగా ఉన్నవాళ్లకి ఈ సుగుణం అక్కర్లేదు. వాళ్లు ఇండెక్స్ ఫండ్ కొనుక్కుని హాయిగా ఉండొచ్చు. నాకు తెలిసిన నోమాడ్స్‌లో అలాంటివాళ్లు తక్కువ.

ఖాతా తెరవడం గురించి. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు బ్రాంచ్‌కి వెళ్లి అడిగాను. కౌంటర్‌లో ఆవిడ ఫారం కోసం లోపలికెళ్లి, ఒక ఇన్సూరెన్స్ పాలసీ బ్రోషర్‌తో బయటికొచ్చింది. "ఇది కూడా పెన్షన్ లాంటిదేనమ్మా, పైగా గ్యారంటీ" అంది. కాదు, నాకు ఎన్‌పీఎస్సే కావాలంటే, దాని పాస్‌వర్డ్ ఉన్నాయన లీవులో ఉన్నాడని సమాధానం. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో చేసుకున్నాను. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, ఓటీపీతో ఈ-సైన్, అంతే. మీకూ నా సలహా ఇదే, బ్యాంకు మెట్లెక్కకండి. రికార్డులు ఉంచే సంస్థలు మూడున్నాయి: ప్రోటీన్, కేఫిన్‌టెక్, క్యామ్స్. కేఫిన్‌టెక్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది. నాది ఏదో చెప్పను. కింద తిట్టబోతున్నాను కదా.

ఎంచుకోవాల్సినవి రెండు మూడే. ఫండ్ మేనేజర్ ఎవరు, షేర్లలో ఎంత, బాండ్లలో ఎంత. "మీరే చూసుకోండి" అనుకుంటే ఆటో చాయిస్ ఉంది, వయసు పెరిగే కొద్దీ షేర్ల వాటా దానంతటదే తగ్గుతుంది. నేను యాక్టివ్, అంటే వాటాలు మనమే చెప్పేది, తీసుకుని షేర్లకి 75 శాతం పెట్టాను. చాలాకాలం అదే గరిష్ఠం. 2025 అక్టోబర్ 1 నుంచి మల్టిపుల్ స్కీమ్ అనే కొత్త పద్ధతిలో నూరు శాతం షేర్లకి కూడా వెళ్లొచ్చు, కాకపోతే చార్జీ ఎక్కువ, 0.30 శాతం దాకా ఉండొచ్చు. మామూలు స్కీముల్లో అది 0.1 శాతం చుట్టుపక్కలే. లక్ష రూపాయలకి ఏడాదికి వంద. నేను వాడిన ఆర్థిక సేవల్లో ఇంత చవగ్గా ఇంకేదీ లేదు. డబ్బు బయటి నుంచి తెప్పించుకోవడానికే పేపాల్‌కి నాలుగు శాతం పైన వదులుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఈ అంకె విలువ తెలుస్తుంది.

మాలాంటి వాళ్లకి బాగా నచ్చాల్సింది డీ-రెమిట్. మీ ప్రాన్‌కి ఒక వర్చువల్ ఖాతా నంబర్ ఇస్తారు. దాన్ని మీ బ్యాంకులో బెనిఫిషియరీగా చేర్చుకుంటే, మామూలుగా ఎవరికైనా పంపినట్టే పంపొచ్చు. పొద్దున తొమ్మిదిన్నరలోపు చేరితే ఆ రోజు ఎన్‌ఏవీకే, అంటే ఆ రోజు యూనిట్ ధరకే, యూనిట్లు వస్తాయి. ఒక్కసారి సెట్ చేసుకుంటే ఏ పోర్టల్‌లోకీ లాగిన్ అవ్వక్కర్లేదు. నెలకింత అని కట్టే పద్ధతి నాకు కుదరదు. క్లయింట్ డబ్బు ఖాతాలో పడిన రోజే అందులో పన్నుకి ఒక వాటా తీసి పక్క ఖాతాలో వేస్తాను, పదో వంతు డీ-రెమిట్‌కి పంపిస్తాను, మిగిలినదాంట్లోనే బతుకుతాను. ఏ నెలైనా ఏమీ రాకపోతే ఆ నెల ఏమీ కట్టను. దానికి ఫైన్ లేదు, బౌన్స్ చార్జీ లేదు, ఏజెంట్ ఫోన్ చేయడు. ఎండోమెంట్ పాలసీల ప్రీమియం డేట్ దగ్గరపడితే వచ్చే ఆ టెన్షన్ ఇందులో లేదు. హెచ్చుతగ్గుల సంపాదన ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద సుఖం.

పన్ను వాటా అన్నాను కాబట్టి ఒక మాట. 44ఏడీఏ వాళ్లు అడ్వాన్స్ టాక్స్ నాలుగు సార్లు కట్టక్కర్లేదు, మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. వినడానికి బాగుంటుంది గానీ, ఫిబ్రవరిలో ఆ డబ్బు మిగిలి ఉండాలి కదా.

ఇక తిట్లు. వెబ్‌సైట్ చూస్తే 2010లో ఉన్నామనిపిస్తుంది. లాగిన్‌లో ఒక క్యాప్చా, లోపలికెళ్లి ఏదైనా మార్చబోతే మళ్లీ ఓటీపీ. అది ఇండియా నంబర్‌కే వస్తుంది. చియాంగ్ మాయ్‌లో నా ఫోన్‌లో థాయ్ ఈసిమ్ డేటాకి, ఇండియా సిమ్ ఓటీపీలకి. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్‌లు ఒక్కోసారి వెంటనే వస్తాయి, ఒక్కోసారి పేజీ టైమవుట్ అయ్యాక తీరిగ్గా వస్తాయి. ఒకసారి నామినీ వివరాలు మార్చడానికి కూర్చుంటే ఓటీపీ రాలేదు, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే "దయచేసి రిజిస్టర్డ్ మొబైల్ నుంచి మా టోల్ ఫ్రీ నంబర్‌కి కాల్ చేయండి" అని జవాబు. ఇండియా టోల్ ఫ్రీకి బయటి దేశం నుంచి కాల్ కలవదని వాళ్లకెవరైనా చెబితే బాగుండు. విశాఖ వచ్చాకే ఆ పని అయింది. అర స్టార్ ఇక్కడ పోయింది. బయల్దేరే ముందు సిమ్‌లో బ్యాలెన్స్, రోమింగ్ ఆన్ ఉందో లేదో చూసుకోవడం మర్చిపోకండి. మార్చాల్సినవేమైనా ఉంటే ఇక్కడున్నప్పుడే చేసుకోండి.

మిగిలిన స్టారు పోయిన కథకి ముందు మా బావ గురించి చెప్పాలి. పార్వతీపురం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్‌లో టీచరు, డీఎస్సీ 2008 బ్యాచ్. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లందరికీ సీపీఎస్సే కాబట్టి ఆయనా అందులోనే. నేను చేరానని తెలియగానే మా అక్క వాళ్లింట్లో అన్నం పళ్లెం ముందు పడీపడీ నవ్వాడు.

"మేం ఒదిలించుకుందామని విజయవాడ దాకా ధర్నాలకెళ్తుంటే, నువ్వు డబ్బులు కట్టి మరీ చేరావేటి?"

"నీ దగ్గర పాత పెన్షన్ లాక్కుని ఇది చేతిలో పెట్టారు బావా. నా దగ్గర లాక్కోడానికి ఏముంది?"

"అదీ నిజమే అనుకో. గానీ ఆఖర్న ఎంతొస్తాదో వాడు చెప్పడు, నువ్వు చెప్పలేవు. అది గుర్తెట్టుకో."

ఆయన బాధ న్యాయమైనదే. పాత పెన్షన్‌లో చివరి జీతంలో సగం వచ్చేది, డీఏ పెరిగినప్పుడల్లా అదీ పెరిగేది, ఉద్యోగి జేబులోంచి పైసా కట్ అయ్యేది కాదు. సీపీఎస్‌లో ఇవేవీ లేవు. ఆంధ్రప్రదేశ్ 2023లో గ్యారంటీ పెన్షన్ చట్టం చేసినా, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్ తెచ్చినా, ఈ వేడి చల్లార్చడానికే. ఆ హామీ కోసం పోట్లాడటానికి ఆయనకి ఎదురుగా ప్రభుత్వం ఉంది. నేనెవరితో పోట్లాడను, జర్మన్ క్లయింట్‌తోనా? కాబట్టి ఒకే పథకాన్ని ఆయన ఒకటిన్నర స్టార్ అంటాడు, నేను మూడున్నర అంటాను, ఇద్దరిదీ కరెక్టే.

కానీ "ఆఖర్న ఎంతొస్తాది" అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ రాత్రే కూర్చుని లెక్క వేశాను. సగటున నెలకి 15 వేలు, అరవై వచ్చేదాకా ఇంకో 24 ఏళ్లు, ఏడాదికి 9 శాతం పెరుగుతుందనుకుంటే చేతికొచ్చేది కోటీ 52 లక్షలు. తొమ్మిది శాతం అన్నది నా ఊహ, గ్యారంటీ కాదు. కోటిన్నర వినడానికి గొప్పగా ఉంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే మాత్రం ఆ కోటిన్నరకి ఈనాటి విలువ 37 లక్షలు. మధురవాడలో రెండు గదుల ఫ్లాట్ కూడా కష్టం.

ఇప్పుడు పెన్షన్ భాగం. ప్రభుత్వేతర చందాదారులు అరవైలో కనీసం 40 శాతంతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీ) కొనాలని చాలాకాలం రూల్. 2025 డిసెంబర్‌లో దాన్ని 20 శాతానికి తగ్గించారు. మొత్తం 8 లక్షల లోపైతే అంతా తీసేసుకోవచ్చు. మంచి మార్పే. కోటిన్నరలో 20 శాతం, అంటే 30 లక్షలు ఏదో ఒక జీవిత బీమా కంపెనీకి ఇస్తే వాళ్లు నెలనెలా పెన్షన్ ఇస్తారు. 6.5 శాతం రేటు అనుకుంటే నెలకి 16 వేల చిల్లర. ఈనాటి విలువలో నాలుగు వేలు. ధరలు పెరిగినా మామూలు యాన్యుటీలో ఆ అంకె పెరగదు, పైగా ఆ పెన్షన్ మీద ఆ ఏటి స్లాబ్ ప్రకారం పన్ను. దీన్ని పెన్షన్ అని పిలవడం నాకు ఇష్టం లేదు. కరెంటు బిల్లు, గ్యాసు, మందులు అనుకోండి. పేరులో ఉన్న పెన్షనే ఈ ప్రొడక్ట్‌లో అన్నిటికన్నా నాసిరకం భాగం. ఒక స్టార్ అక్కడే పోయింది.

మధ్యలో బయటపడాలంటే? మూడేళ్ల తర్వాత, మీరు కట్టిన దాంట్లో (పెరిగిన దాంట్లో కాదు) 25 శాతం దాకా కొన్ని కారణాలకి తీసుకోవచ్చు. ఇల్లు, పిల్లల చదువు, పెళ్లి, పెద్ద జబ్బులు లాంటివి. "క్లయింట్ పోయాడు, ఆర్నెల్లుగా పనిలేదు" అన్నది ఆ లిస్టులో లేదు. గడువుకి ముందే పూర్తిగా వెళ్లిపోతానంటే 80 శాతం యాన్యుటీకే పోతుంది.

అందుకే నోమాడ్ ఎవరైనా ఎన్‌పీఎస్‌తో మొదలుపెడితే ఆగమని చెబుతాను. ముందు కదిలే డబ్బు ఉండాలి. నేను ఏడాది ఖర్చులు లిక్విడ్ ఫండ్, ఎఫ్‌డీల్లో పెట్టాను. ఉద్యోగస్తులకి ఆరు నెలలు చాలంటారు, మాకు చాలవు. వీసాలకీ ఆ డబ్బే కావాలి. థాయ్‌లాండ్ 2024 జూలైలో తెచ్చిన డీటీవీ వీసా ఐదేళ్లది, రిమోట్‌గా పనిచేసేవాళ్ల కోసమే. దానికి ఐదు లక్షల బాట్ చూపించాలి, మన డబ్బులో 13 లక్షల పైమాటే. వాళ్లు అడిగేది బ్యాంకు స్టేట్‌మెంట్. ప్రాన్‌లో ఎంత పోగుపడినా అక్కడ ఉపయోగపడదు. తర్వాత హెల్త్ ఇన్సూరెన్స్, ఇండియాలో ఒకటి, బయట ఉన్నప్పటికి వేరే ట్రావెల్ పాలసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు. ఆ రెండూ అయ్యాకే ఎన్‌పీఎస్.

అమ్మ అడిగిన ప్రశ్న కూడా ఇక్కడే: "పోస్టాఫీసులో అటల్ పెన్షన్ ఉంది కదే, అది కట్టు." దాంట్లో గరిష్ఠం నెలకి ఐదు వేలు, పైగా 2022 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లు చేరడానికి లేదు. పీపీఎఫ్ మాత్రం మంచి పోటీ. 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం, వడ్డీ మీద పన్ను లేదు, ఏడాదికి లక్షన్నర దాకా. హామీ ఉంది, షేర్ మార్కెట్ గొడవ లేదు, యాన్యుటీ లేదు. పదిహేనేళ్లకి మొత్తం మన చేతిలో పెడతారు. నిద్ర బాగా పట్టాలంటే అదే. నేను రెండిట్లోనూ పెడతాను, పీపీఎఫ్‌లో తక్కువ. 24 ఏళ్ల దూరానికి 7.1 నాకు చాలదనిపిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎవరైనా లెక్కలు వేసుకుని తెలుసుకోవచ్చు. ఎన్‌పీఎస్ నన్ను అడిగిన అసలు ప్రశ్న వేరే. అరవై ఏళ్లప్పుడు నువ్వు ఎక్కడుంటావు? ఈ డబ్బంతా రూపాయల్లో పోగవుతుంది. 2025 డిసెంబర్‌లో డాలర్ తొంభై రూపాయలు దాటింది. డాలర్లలో సంపాదించేవాళ్లకి ఇప్పుడది పండగే. కానీ రూపాయల్లో దాచి, ముసలితనంలో చియాంగ్ మాయ్‌లోనో లిస్బన్‌లోనో ఉండాలనుకుంటే అదే లెక్క తిరగబడుతుంది. చియాంగ్ మాయ్‌లో నా పక్క టేబుల్ మీద పనిచేసే బెంగళూరు కుర్రాడు ఇండియాకి తిరిగి రానంటాడు. అతనికి ఎన్‌పీఎస్ వద్దనే చెప్పాను. నాకు మాత్రం జవాబు తెలుసు. ఎక్కడ తిరిగినా రెండు మూడు నెలలు దాటితే నాకు విశాఖ గాలి కావాలి, అందునా ఫిబ్రవరి నుంచి చియాంగ్ మాయ్ చుట్టూ పొలాలు, అడవులు తగలబెట్టే పొగ మొదలయ్యాక. అరవైలో నా కూరగాయలు ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లోనే కొంటాను. కాబట్టి రూపాయి పెన్షన్ నాకు సరిపోతుంది. దాచుకునే డబ్బు ఏ కరెన్సీలో ఉండాలో చెప్పేది మీ పాస్‌పోర్టు మీద ముద్రలు కాదు, ముసలితనంలో మీరు ఉండబోయే ఊరు. ఆ ఊరు ఇంకా తేలనివాళ్లు ఎన్‌పీఎస్‌లో చిన్న మొత్తమే పెట్టి, ఎక్కువ భాగం ఎప్పుడైనా కదిలించగల చోట ఉంచుకోవడం మేలు.

దీనికి అతుక్కున్నదే 182 రోజుల గొడవ. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇండియాలో ఉంటే రెసిడెంట్‌వి, ఏ పేచీ లేదు. తక్కువైతే లెక్కలో ఇంకా మెలికలున్నాయి, సీఏ దగ్గర కూర్చోవాల్సిందే. నాన్ రెసిడెంట్ అయితే ఏం మారుతుందో చాలామంది ఆలోచించరు. 44ఏడీఏ రెసిడెంట్లకే. కొత్తగా పీపీఎఫ్ తెరవలేరు, ఉన్నది గడువు దాకా నడుస్తుంది గానీ పొడిగించుకోలేరు. ఎన్‌పీఎస్ ఈ విషయంలో నయం. ఎన్నారైలు కూడా చేరొచ్చు, ఉన్న ఖాతా కొనసాగించొచ్చు, ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి కట్టొచ్చు. తిరిగే జీవితానికి ఈ ఒక్క గుణంలో పీపీఎఫ్ కన్నా ఇదే బాగా కుదురుతుంది. ప్రచారంలో దీన్ని ఎందుకు చెప్పరో తెలీదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న మన వాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో మరి.

షేర్లలో 75 శాతం పెట్టినవాళ్లకి ఒక హెచ్చరిక. స్టేట్‌మెంట్ ఎరుపు రంగులో కనిపించే నెలలు వస్తాయి. నాకూ వచ్చాయి. అమ్మేద్దామన్నా అమ్మలేం కాబట్టి యాప్ మూసేసి పని చూసుకున్నాను. అలాంటప్పుడు భయపడి అంతా ప్రభుత్వ బాండ్లలోకి మార్చేసుకునే వీలుంది. ఆ బటన్ జోలికి పోకండి.

ఎవరికి పనికొస్తుందంటే: ముప్ఫైల్లో ఉండి, ఏడాది ఖర్చులు, ఇన్సూరెన్స్ సర్దుకుని, చివరికి ఇండియాలోనే ఉంటామనుకునే ఫ్రీలాన్సర్లకి. బాగా వచ్చిన నెలల్లో చేతులు ఊరుకోని వాళ్లకి మరీను. అప్పులున్నవాళ్లు, ఒకే క్లయింట్ మీద బతికేవాళ్లు, రెండు మూడేళ్లలో ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇప్పుడే దీని జోలికి రాకండి. టాక్స్ కోసమే అయితే పైన లెక్క ఉంది, మీ అంకెలు అందులో వేసి చూసుకోండి.

చేరేవాళ్లకి ఇంకో చిన్న విషయం. నామినీగా రాసినవాళ్లకి మీ ప్రాన్ నంబర్, రికార్డు సంస్థ పేరు ఒక కాగితం మీద రాసివ్వండి. నేను అక్కకి ఇచ్చాను. బావ ఆ కాగితం తీసుకుని తన సీపీఎస్ స్లిప్పులున్న ఫైల్లోనే పెట్టాడు, పైన పెన్సిల్‌తో "స్వచ్ఛంద బాధితురాలు" అని రాసి.